దిగులు మేపే విధానం

పుంగనూరు ఆవును మేపాలంటే కాస్త గడ్డి కావాలి, కుడితి కావాలి, పూటకోసారి ఎండలో తిప్పాలి. దిగులుకు ఇవేవీ అక్కర్లేదు. ఒక మంచం, ఒక సెల్‌ఫోను, రాత్రి రెండు గంటల వేళ ఉంటే చాలు, దిట్టంగా పెరుగుతుంది. ముప్ఫై ఏళ్ళుగా సాకుతున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. సర్కారు కొలువులో ఉన్నన్నాళ్ళు ఫైళ్ళ మధ్య తీరిక చేసుకుని సాకాను. రిటైరై తిరుపతిలో స్థిరపడ్డాక పూర్తి కాలం ఇదే పని. మా బంధువర్గంలో ఇందులో నన్ను మించినవాళ్ళు లేరు, ఒక్క మా బామ్మర్ది తప్ప. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఉపయోగపడతాయని నాకు తెలిసిన మెళకువలు రాసిపెడుతున్నాను.

ముందుగా ఒక సంగతి. కష్టం వచ్చినప్పుడు దిగులు దానంతటదే వస్తుంది, అందులో మన గొప్పేమీ లేదు. మామూలు దిగులును దాని మానాన వదిలేస్తే కొన్నాళ్ళకు దానంతటదే సర్దుకుని పోతుంది కూడా. పోనివ్వకుండా కట్టేసుకోవడంలోనే పనితనమంతా ఉంది. (జబ్బుగా ముదిరిన దిగులు వేరు. దాని మాట తర్వాత చెబుతాను.)

మొదటి పాఠానికి ఫోనుంటే చాలు. మావాడు బెంగళూరులో ఉంటాడు. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు మాట్లాడతాడు. ఒకరోజు ఫోను రాలేదు. నేను చేశాను, ఎత్తలేదు. కాసేపాగి మళ్ళీ చేశాను, స్విచ్చాఫ్. చేతగానివాడైతే చార్జింగు అయిపోయుంటుందిలే అని ముసుగు తన్ని పడుకుంటాడు. నేను మిద్దె ఎక్కాను. మా మిద్దె మీది నుంచి చూస్తే కొండ మీద గాలిగోపురం దీపాలు కనిపిస్తాయి. వాటిని చూస్తూ నిలబడి పని మొదలుపెట్టాను. ఫోను ఎత్తలేదంటే బండి మీద ఉన్నాడు. ఈ వేళప్పుడు బండి మీద ఉన్నాడంటే హోసూరు రోడ్డు. హోసూరు రోడ్డంటే లారీలు. అక్కడి నుంచి ఆస్పత్రి, ఆస్పత్రిలో పేరు తెలియని మనిషిగా చేర్చడం, జేబులో కార్డు దొరక్కపోవడం, ఇవన్నీ ముప్పావు గంటలో అయిపోయాయి. రెండున్నరకు నేను బెంగళూరు బస్సు టైములు చూస్తున్నాను. ఇంటావిడ మెట్ల దగ్గర నిలబడి కేకేసింది.

"ఇదో, పండుకుంటావా, లేదా? పిల్లోడు సినిమాకు పోయింటాడు."

సినిమాకు! చూశారా, ఆమె దగ్గరున్న ఆధారమూ నా దగ్గరున్న ఆధారమూ ఒక్కటే, ఎత్తని ఫోను. దాంతో ఆమె సినిమా చూపించుకుంది, నేను శవపంచాయితీ జరిపించాను. పొద్దున ఏడింటికి వాడే చేశాడు. "చార్జరు ఆఫీసులోనే మర్చిపోయినా నాన్నా."

ఇక్కడే కొత్తవాళ్ళు తప్పు చేస్తారు. తేలిక పడిపోయి, రాత్రి తాము చెప్పిన జోస్యం తప్పిందని గుర్తుపెట్టుకుంటారు. అట్లా పెట్టుకోకూడదు. తప్పిన జోస్యాలకు లెక్క రాయడం మొదలుపెడితే ఏడాది తిరక్కుండా మన పరపతి మన దగ్గరే పోతుంది. ఎప్పుడో ఒక్కసారి నిజమైంది చూడండి, అది మాత్రం తేదీతో సహా గుర్తుండాలి.

ఆలోచన మీద ఆలోచన మిద్దెలుగా కట్టే ఈ పనిని అమెరికాలో ఫిలడెల్ఫియా డాక్టరు ఆరన్ బెక్ 1960ల్లో పసిగట్టాడు. ఆయన దగ్గరికి వచ్చే దిగులు రోగులు పైకి ఒకటి చెబుతుంటే, అడుగున ఇంకో ఆలోచనల వరస చకచకా పోతూ ఉంటుందని, అది వాళ్ళకే సరిగ్గా తెలియదని గమనించాడు. వరసంతా తిరిగి తిరిగి మూడు గుంజల చుట్టే. నేను పనికిరానివాణ్ణి, లోకం నాకు కలిసిరాదు, రేపు కూడా ఇంతే. ఆయన మందు చాలా చవక. ఆలోచనను కాగితం మీద రాయి, అటు సాక్ష్యం ఏముంది, ఇటు సాక్ష్యం ఏముంది చూడు, అన్నాడు. నూరేళ్ళు బతికి 2021లో పోయాడు. దిగులు సాకేవాళ్ళు ఇట్లాంటివాళ్ళకు దూరంగా ఉండాలి. కడుపులో ఉన్నంతసేపు పులిలా గర్జించే ఆలోచన, రూళ్ళ కాగితం మీద పెన్నుతో రాసేసరికి పిల్లిలా కనిపిస్తుంది. అందుకే ఇంట్లో పెన్నులు ఇంకు ఎండిపోయినవి ఉంచుకోవడం మంచిది.

మా బామ్మర్ది సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆయన కేసు నాకన్నా చిక్కుది. మదనపల్లె వైపు టమాటా పెడతాడు. 2023 జూలై ఆఖర్లో మదనపల్లె మార్కెట్టులో మేలురకం కిలో రెండొందల దగ్గరికి పోయింది. అప్పుడు ఆయన తోటలో కాయ లేదు. ఆశపడి నారు తెచ్చి నాటాడు. కోతకొచ్చేసరికి సెప్టెంబరు ఆఖరు, ధర పది రూపాయల లోపలికి దిగింది. కోత కూలి కూడా గిట్టదని తోటలోకి మేకల్ని తోలేశాడు. నేను పోయేసరికి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. మేకలు పండ్లు కొరికి, రసం గడ్డాల వెంట కారుతూ, హాయిగా తిరుగుతున్నాయి.

ఇందులో ఆలోచన తప్పు ఏముంది? ఏమీ లేదు. అప్పు అప్పే, వడ్డీ వడ్డీయే. ఆ గట్టు దగ్గరికి ఎవరైనా వచ్చి "పాజిటివ్‌గా ఆలోచించప్పా" అన్నారంటే ఆ మనిషిని ఆ టమాటాలతోనే కొట్టాలి. బెక్ లాంటివాళ్ళ మాటను సగం విని, బాధంతా నీ బుర్రలోనే ఉందని పేదవాడికి పాఠం చెప్పేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్ళు నాకూ గిట్టరు. కానీ మా బామ్మర్ది పనితనం నష్టం దగ్గర లేదు, దాని తర్వాత ఉంది. "ధర పడింది" అన్న మాట దగ్గర ఆగిపోతే బ్యాంకుకు పోయి గడువు అడగాలి, వచ్చే పైరుకు చెనక్కాయ పెట్టాలా అని పక్క రైతును అడగాలి. ఆయన ఆగలేదు.

"నేనేం పెట్టినా ఇంతే బావా. నా చెయ్యి పడితే బంగారం గూడా మన్నే అయితాది."

రెండెకరాల నష్టం చూస్తుండగానే బతుకంతా పాకింది. అంతకు రెండేళ్ళ ముందు ఇదే చేత్తో, ఇదే టమాటాతో, బోరు అప్పు తీర్చిన సంగతి ఎవరు గుర్తుచేసినా ఒప్పుకోడు. "అది గాలివాటు." లాభమొస్తే గాలిది, నష్టమొస్తే తనది. ఈ పద్దు రాయడం వచ్చినవాడికి దిగులు మేతకు కరువుండదు.

ఇక నెమరు. ఇది కళ. నెమరు వేయడం అనేది మన దగ్గర మంచి మాటే, పెళ్ళినాటి ముచ్చట్లు నెమరు వేసుకుంటాం, చదువుకున్న రోజులు నెమరు వేసుకుంటాం. మానసిక వైద్యంలో మాత్రం రూమినేషన్ అంటే జబ్బు లక్షణం. ఆ మాటా ఆవు దగ్గర అరువు తెచ్చుకున్నదే. మా పుంగనూరు ఆవు మూడడుగుల ఎత్తు ఉంటుంది, గబగబా మేసొచ్చి, నీడన పడుకుని, కళ్ళు అరమోడ్చి నమిలి నమిలి సాయంత్రానికి పాలిస్తుంది. నేను నమిలేది 1998లో మా పై అధికారి నలుగురి ముందర అన్న ఒక మాట. ఆయన అన్నది ఏడు సెకన్లు. నేను దానికి ఇప్పటికి సుమారు నలభై జవాబులు తయారుచేసి ఉంటాను, ఒకదానికన్నా ఒకటి పదును. స్నానం చేసేటప్పుడు బాగా వస్తాయి. ఆయనకు అది గుర్తు కూడా ఉండదు. పాలు మాత్రం ఇంతవరకు ఒక్క చుక్క రాలేదు.

బాగా నెమరు వేయాలంటే ప్రశ్నను జాగ్రత్తగా ఎంచుకోవాలి. "ఎందుకు" మంచి ప్రశ్న. నాకే ఎందుకిట్లా, ఆయన అట్లా ఎందుకన్నాడు, నేను ఎందుకు నోరు మూసుకున్నాను. వీటికి జవాబు ఉండదు కాబట్టి రాత్రంతా తిరగలిలా తిరుగుతాయి. పైగా ఆలోచిస్తున్నాం కదా, ఏదో తేలుస్తున్నాం కదా అనే తృప్తి కూడా దొరుకుతుంది. "ఇప్పుడేం చేయాలి" అని మాత్రం అడక్కూడదు. దానికి జవాబు ఉంటుంది. జవాబు వచ్చిందంటే లేచి చెప్పులేసుకోవాలి.

సూసన్ నోలెన్-హోక్సెమా అనే ఆవిడ దీన్ని భూకంపంతో రుజువు చేసింది. ఆవిడ తెప్పించుకున్న భూకంపం కాదు లెండి. స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను మీరు దిగులు పడినప్పుడు ఏం చేస్తారు, కూర్చుని తవ్వుకుంటారా, వేరే పని చూసుకుంటారా అని అడిగి రాసుకుంది. రెండు వారాలకు, 1989 అక్టోబరు 17న, కాలిఫోర్నియాలో లోమా ప్రియేటా భూకంపం వచ్చింది. పది రోజుల తర్వాత, ఏడు వారాల తర్వాత మళ్ళీ వాళ్ళనే అడిగింది. ముందు నుంచి తవ్వుకునే అలవాటు ఉన్నవాళ్ళలో దిగులు ఎక్కువగా, ఎక్కువ కాలం నిలిచింది. భూమి అందరికీ ఊగింది. కొందరికి అది ఆగిన తర్వాత కూడా ఊగుతూనే ఉంది.

దీనికి తోడు, మనసు కుదుటపడ్డాక పని చేద్దాం అని కూర్చోవాలి. ఇది చాలా ముఖ్యం. తలకు నూనె రాసుకోవడం, పెరట్లో నీళ్ళు పట్టడం, పక్కింటికి పోయి పేపరు తేవడం, అన్నిటినీ మనసు బాగయ్యేదాకా వాయిదా వేయాలి. 1996లో అమెరికాలో జేకబ్సన్ అనే ఆయన బృందం ఒక తుంటరి పని చేసింది. దిగులు రోగులకు ఆలోచనలు సరిదిద్దే వైద్యమంతా చేయకుండా, అందులో రోజువారీ పనులు పెట్టించే ముక్క ఒక్కటే కొందరికి ఇచ్చి చూసింది. మొత్తం వైద్యం తీసుకున్నవాళ్ళతో సమానంగా వాళ్ళూ తేరుకున్నారు. అంటే మనసు ముందు, పని వెనక అని మనం పెట్టుకున్న వరసే తిరగబడింది. ఈ సంగతి మా ఇంటావిడకు తెలియనివ్వలేదు.

ఇప్పుడు చెప్పబోయేది నా సొంత పరిశోధన. దిగులును సాకాలంటే దానికి పేరు పెట్టకూడదు.

మా అమ్మకు ఈ విషయంలో ఎన్ని మాటలుండేవో! బడికి పోయే చిన్నపిల్ల, అమ్మ ఊరికి పోతే అన్నం ముట్టకుండా జ్వరం తెచ్చుకుంటే అది బెంగ. సాయంత్రం దీపాలు పెట్టే వేళ కారణం లేకుండా గుండెలో కలుక్కుమంటే గుబులు. పరీక్ష హాల్లో చేతులు చెమటలు పడితే గాబరా. కొత్తవాళ్ళ ముందు నోరు పెగలకపోతే బెరుకు. పోయిన మనిషి కంచం కనిపించినప్పుడు దుఃఖం. ఏదో తేడాగా ఉంది, మాట పడింది అనిపిస్తే కలత. పొత్తికడుపులో రాయి పెట్టినట్టు, పొద్దున లేస్తూనే ఉండేది దిగులు. పేరు తెలిస్తే మందు దానంతటదే తెలిసేది. బెంగ పెట్టుకున్న పిల్లకు మనిషి రావాలి, ఆ మనిషి చీర కొంగు కప్పినా కొంత తగ్గుతుంది. గాబరాకు కూర్చోబెట్టి మంచినీళ్ళు. బెరుకుకు ఇంకోసారి వెళ్ళడం. దుఃఖానికి ఏడవనివ్వడం, పక్కన కూర్చోవడం. అమ్మ ఏ పుస్తకమూ చదవలేదు. తన బాధను విడివిడి మాటల్లో గుర్తుపట్టగలిగినవాళ్ళు దాన్ని బాగా అదుపు చేసుకోగలుగుతారని లీసా ఫెల్డ్‌మన్ బారెట్ లాంటివాళ్ళు ఇప్పుడు పరిశోధనలు చేసి చెబుతున్నారు.

మన తరం ఈ సామానంతా పాత పేపర్లవాడికి వేసి రెండే మాటలు ఉంచుకుంది, టెన్షన్, గ్యాస్. పిల్ల పెళ్ళి కుదరకపోయినా టెన్షనే, పెళ్ళి కుదిరినా టెన్షనే. భార్య పోయినవాడు "కొంచెం టెన్షన్‌గా ఉంది సార్" అంటాడు. బామ్మర్దిని సంగతేమిటని అడిగితే ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "నాకు యాడా ఏమీ లేదు బావా, గ్యాసు, అంతే" అన్నాడు. మేకలు తిన్న తోట గ్యాస్ ఎట్లా అయిందో ఆ దేవుడికే తెలియాలి. గుండె దడ, కాళ్ళు లాగడం, తల బరువు, అరగకపోవడం అని డాక్టరుకు చెప్పి, నిద్ర లేని సంగతి మాత్రం చెప్పకుండా వచ్చేయాలి. గ్యాసు మాత్రలు చవక, రెండో ప్రశ్న అడిగేవాళ్ళు ఉండరు. దిగులు క్షేమంగా ఉంటుంది.

మగవాళ్ళకు ఇంకో సౌకర్యం ఉంది, బిగబట్టడం. మా నాయన పోయినప్పుడు ఆరుగురు పెద్దమనుషులు వరసగా వచ్చి నా భుజం తట్టి "నువ్వే ఏడిస్తే ఎట్లప్పా, ఇంట్లో వాళ్ళకు ధైర్యం చెప్పాల్సినోడివి" అన్నారు. నేను గడప దగ్గర నిలబడి పందిరి కట్టేవాడికి డబ్బులు లెక్కపెట్టాను. రెండుసార్లు తప్పు లెక్కపెట్టాను. ఎవరూ గమనించలేదు.

దీన్ని ప్రయోగశాలలో చూసినవాళ్ళున్నారు. 1993లో గ్రాస్, లెవెన్‌సన్ అనే ఇద్దరు కొందరికి చెయ్యి తీసేసే ఆపరేషను సినిమా చూపించారు. సగం మందిని, మీ ముఖంలో ఏమీ కనపడనివ్వకండి అన్నారు. ముఖాలు నిమ్మళంగానే ఉన్నాయి. లోపలి రోత మాత్రం ఇసుమంత తగ్గలేదు, చేతుల్లో చెమట పెరిగింది, వేళ్ళలో నెత్తుటి నాళాలు బిగుసుకున్నాయి. పదేళ్ళ తర్వాత ఇంకో ప్రయోగంలో ఇద్దరేసి ఆడవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడించి, ఒకామెను బాధను దాచమంటే, ఎదుటామెకు రక్తపోటు పెరిగింది. ఇది చదివిన రోజు నేను మా ఇంటావిడ బీపీ మాత్రల డబ్బా వైపు చూడలేకపోయాను. నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆసియా ఇళ్ళ పద్ధతుల్లో పెరిగినవాళ్ళ మీద చూసినప్పుడు ఈ నష్టం తక్కువగా కనిపించింది. పెద్దల ముందు కోపం మింగడం మర్యాద అనుకునే చోట, మింగడం అంత విషం కాకపోవచ్చు. కానీ పెద్దల ముందు మింగింది తర్వాత ఎవరి దగ్గరైనా కక్కాలి కదా. అది మానేయండి.

మరీ గట్టివాళ్ళు బాధను ముఖంలోంచే కాదు, తలలోంచి కూడా తోసేయాలని చూస్తారు. దీనికి మన పాత వైద్యుడి కథ ఉంది. మందు ఇచ్చి, ఇది తాగేటప్పుడు కోతి గుర్తుకు రాకూడదు అన్నాడట. ఆ రోగి మందు తాగలేకపోయాడు. 1987లో డేనియల్ వెగ్నర్ ఇదే కథను తెల్ల ఎలుగుబంటితో ఆడించి చూశాడు. తలచుకోవద్దంటే తలచుకుంటూనే ఉన్నారు, సరే ఇప్పుడు తలచుకోండి అనేసరికి మామూలువాళ్ళకన్నా ఎక్కువగా తలచుకున్నారు. అలిపిరి మెట్ల మీద కోతులకు భయపడి కొబ్బరిచిప్ప వీపు వెనక దాచుకున్నవాడి దగ్గరికే కోతి ఎందుకొస్తుందో నాకప్పుడు అర్థమైంది.

అయితే అరిచేస్తే పోతుందా? ఇక్కడ కూడా దిగులుకు మేలు చేసే పొరపాటు ఒకటుంది. గంగ జాతరలో వేషాలు కట్టినవాళ్ళు బూతులు తిట్టడం తిరుపతిలో పుట్టినవాళ్ళకు కొత్త కాదు. మా వీధిలో ఇంటర్ చదివే పిల్లవాడు, ఏడాదంతా "నమస్తే అంకుల్" తప్ప మాట రానివాడు, ఒళ్ళంతా రంగు పూసుకుని, వేపమండలు చుట్టుకుని మా గేటు ముందర నిలబడి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మా ఇంటావిడ నవ్వుతూ వాడి మీద పసుపునీళ్ళు పోసింది. ఇది చూసి చాలామంది కోపం కక్కేస్తే తీరుతుంది అనుకుంటారు. 2002లో బుష్‌మన్ చేసిన ప్రయోగంలో, తనను అవమానించినవాణ్ణి తలచుకుంటూ సంచిని గుద్దినవాళ్ళకు కోపం ఇంకా పెరిగింది, ఊరకే కూర్చున్నవాళ్ళకు తక్కువగా ఉంది. జాతరలో తిట్టుకు తేదీ ఉంది, వేషం ఉంది, సాయంత్రానికి రంగు కడుక్కోవడం ఉంది. తిట్టేవాడు నన్ను తలచుకుని తిట్టడం లేదు. నా 1998 అధికారిని నేను తిట్టేది ముఖానికి రంగు లేకుండా, ఏడాది పొడవునా. తేడా చాలా ఉంది. నా పద్ధతే దిగులుకు మంచిది.

బాధను వేరే చూపుతో చూడడం అనే మూడో దారి ఒకటుంది, దాన్ని ఎట్లాగైనా తప్పించుకోవాలి. కలెక్టరాఫీసు మెట్లు ఇరవై ఎక్కితే మోకాళ్ళు పట్టేసి, ప్రభుత్వాన్ని తిట్టుకుంటూ కూర్చునే మనిషే అలిపిరిలో మూడున్నర వేల మెట్లు ఎక్కుతాడు. మోకాళ్ళ పర్వతం దగ్గర కొందరు మొక్కుకుని మోకాళ్ళ మీదనే ఎక్కుతారు. నొప్పి అదే నొప్పి. మొక్కు అన్నాక దాని అర్థం మారిపోయింది. గ్రాస్ ఈ విద్యను చాలాకాలం చదివి, ముఖం బిగబట్టేవాళ్ళకన్నా ముందే చూపు మార్చుకునేవాళ్ళలో దిగులు తక్కువగా ఉంటుందని తేల్చాడు. కొండ మీద మనకు తెలిసిన ఈ విద్యను కింద బస్టాండు దాటి ఇంటికి తేకూడదు. చెప్పుల స్టాండులో వదిలేసి రండి.

ఆందోళన కావాలనుకునేవాళ్ళకు మా ఊళ్ళో గురువు ఉన్నాడు, పాలేగాడు. తాతయ్యగుంట గంగమ్మ కథ తెలిసిందే. ఊరి ఆడవాళ్ళను చెరబట్టిన పాలేగాడు అమ్మవారి విశ్వరూపం చూసి పారిపోయి దాక్కుంటే, ఆమె రోజుకో వేషంలో వెతికింది. దొర వేషంలో వచ్చిన రోజు, తన దొరే వచ్చాడనుకుని బయటికొచ్చాడు. తల తెగింది. దుర్మార్గుడికి అట్లాగే కావాలి, అందులో మాట లేదు. కానీ ఒక్కసారి వాడి గుంతలో కూర్చుని ఆలోచించండి. బైరాగి పోతుంటే ఆమేనేమో, తోటి పోతుంటే ఆమేనేమో. దాక్కున్న ప్రతి పూటా కొంచెం ప్రాణం కుదుటపడుతుంది, మర్నాటికి భయం ఇంకొంచెం పెరుగుతుంది. ఆందోళన పెరిగే పద్ధతి సరిగ్గా ఇదే. తప్పించుకోగానే హాయి దొరుకుతుంది, ఆ హాయి రుచికి మళ్ళీ తప్పించుకుంటాం, తప్పించుకున్న కొద్దీ అది పెద్దదవుతుంది.

నేను బ్యాంకు నుంచి వచ్చిన కవరును బీరువాలో పట్టుచీరల కింద దాచాను. ఐదు నెలలు ఆ బీరువా తలుపు పూర్తిగా తీయలేదు. చివరికి తీసి చూస్తే కొత్త ఏటీఎం కార్డు. చంద్రగిరిలో పెళ్ళికి పోలేదు, నలుగురిలో గుండె దడ వస్తుందని. తర్వాత పుత్తూరు పెళ్ళికీ పోలేదు. ఇప్పుడు పెళ్ళి పత్రిక చూస్తేనే దడ వస్తోంది. ఈసీజీ మూడుసార్లు తీయించాను. "బాగుంది" అన్న డాక్టరు మాట బస్టాండు దాకా పనిచేస్తుంది, ఆ తర్వాత, సరిగ్గా చూశాడో లేదో. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, భయం నుంచి పారిపోకుండా దాన్ని చూడమని జీవితమంతా చెప్పాడు. మా ఉమ్మడి చిత్తూరు జిల్లా మనిషే అయినా ఆయన మాట వినకండి.

దిగులున్నవాణ్ణి పలకరించడానికి వచ్చే చుట్టాలకు వేరే తర్ఫీదు అక్కర్లేదు, పుట్టుకతోనే వస్తుంది. "నీకేం తక్కువప్పా?" "నీకన్నా కష్టాలున్నోళ్ళు లేరా?" "పెళ్ళి చేస్తే అదే కుదురుకుంటాది." మూడోది ఇంకో మనిషి బతుకును కూడా కలుపుకుని రెండు దిగుళ్ళు చేసే మాట కాబట్టి నా లెక్కలో మొదటి బహుమతి దానికే.

పొరపాటున డాక్టరు దగ్గరికి పోయినా కంగారు పడొద్దు. మందుల పట్టు కనిపించడం మొదలవడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఎనిమిదో రోజున ఆపేసి, "ఇవేం పనిచేయవు" అని ఊరంతా చెప్పాలి. లేదా కాస్త బాగయ్యాక, డాక్టరును అడక్కుండా ఆపేయాలి. చిత్తూరువాళ్ళు ఊళ్ళో ఎవరైనా చూస్తారని రాయవేలూరు పోతారు. పొరుగూరు పోవడం మంచిదే, తిరుగు బస్సులో చుట్టాలు కనిపిస్తే "కళ్ళ డాక్టరు" అనొచ్చు. కానీ అక్కడ జాగ్రత్త. ఆ ఊరి బాగాయంలో సీఎంసీ ఆస్పత్రివాళ్ళ మానసిక వైద్య కేంద్రం 1957 నుంచి ఉంది, రోగితో పాటు ఇంటివాళ్ళను కూడా ఉండమని, వాళ్ళకూ విషయం చెబుతారు. ఇంటివాళ్ళకు తెలిస్తే దిగులుకు చాటు పోతుంది. నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో మామూలు మానసిక సమస్యలున్నవాళ్ళలో నూటికి ఎనభై మందికి పైగా వైద్యం అందనివాళ్ళే అని తేలింది. నా శిష్యులు అంతమంది ఉన్నారని అప్పటిదాకా నాకూ తెలియదు.

ఈ పాఠాల్లో ఒక పేజీ నేనే చించేశాను. పోయిన ఏడు బామ్మర్ది ఒక రాత్రి ఫోను చేసి, "నేను లేకపోతే వీళ్ళకే మేలేమో బావా" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర ఎగతాళి లేదు. ఎవరైనా అట్లా అన్నప్పుడు, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగొచ్చు. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. నేను అడిగాను. అవునన్నాడు. వాళ్ళావిడను పక్కన కూర్చోమని, పురుగుల మందు డబ్బా షెడ్డులోంచి పక్కింటికి మార్పించి, తెల్లారి మొదటి బస్సుకు పోయి ఆస్పత్రికి తీసుకుపోయాను. ఆ రాత్రి ఎవరికి చేయాలో తెలియక నా చేతులు వణికాయి. 14416 అనే నంబరు ఉందని, టెలీమానస్ పేరుతో 2022 అక్టోబరు నుంచి పగలూ రాత్రీ తెలుగులో కూడా పలుకుతుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు అది మా వంటింటి తలుపు వెనక, గ్యాసు బుకింగు నంబరు కింద రాసి ఉంది. బామ్మర్ది మందులు వాడుతున్నాడు. ఈసారి చెనక్కాయ పెట్టాడు.

ఆ చెనక్కాయలే ఒక మూట పంపించాడు. ఇది రాస్తూ ఉండగా తొమ్మిదిన్నర దాటింది. బెంగళూరు ఫోను రాలేదు. నేను చేశాను, ఎత్తలేదు. పెన్ను మూసి మిద్దె మెట్ల వైపు లేచాను. ఇంటావిడ చేటనిండా కాయలు పోసి నా ముందర పెట్టింది.

"యాడికి? రేపు ఊరిబిండికి గింజలు గావాల. ఒల్చి పో."

"వాడు ఫోను ఎత్తలేదు."

"ఒలుస్తా చూడు. నీ చేతులతో గదా ఒల్చేది, వాడి ఫోనుతోనా?"

కూర్చున్నాను. మొదటి గుప్పెడు ఒలుస్తున్నంతసేపు హోసూరు రోడ్డులోనే ఉన్నాను. మూడో గుప్పెట్లో కొన్ని కాయలు పుచ్చువి వచ్చాయి, వాటిని వేరుగా పెట్టాల్సి వచ్చింది. గోరు కింద పొట్టు గుచ్చుకుంటే పళ్ళతో లాగాను. చేటలో సగానికి పైగా అయిపోయాయి. ఫోను ఇంకా మోగలేదు. రెండు గింజలు నోట్లో వేసుకున్నందుకు తిట్లు పడుతున్నాయి.